చాలుతుందా, చాలదా?

చిత్తూరు

అబ్బయ్యకూ, అమ్మణ్ణికీ తాత ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో ఇద్దరూ ఒకే పాట పాడారు. "తాతా, లెక్కలన్నీ వస్తాయి, ఈ డేటా సఫిషియెన్సీ అంటేనే టెన్షన్" అని. ఇచ్చిన సమాచారం జవాబు తేల్చడానికి చాలుతుందా, చాలదా అని అడిగే ప్రశ్నలే కదా అవి. ఫోన్‌లో చెబితే ఊ కొట్టి మరిచిపోతారు. అందుకే కాగితం మీద పెడుతున్నా. తిరుపతిలో మీ హాస్టల్ గదిలో అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి. పక్కన ఒక పెన్సిల్ పెట్టుకోండి.

నేను కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాదు. బెల్లం మండీలో గుమాస్తాగా చేరిన మొదటి నెలలోనే ఒక రైతు లోడు వచ్చింది. అందులో ఎర్ర బెల్లం కొంత, నల్ల బెల్లం కొంత. ధరలు వేరు. ఏది ఎన్ని బస్తాలో తేల్చి రైతుకు పట్టీ, అంటే డబ్బుల లెక్క చీటీ, రాయాలి. నా చేతిలో రెండు చీట్లున్నాయి. ఒకదాంట్లో "మొత్తం 40 బస్తాలు" అని ఉంది. రెండోదాంట్లో "రెండు రకాల్లోనూ సగం సగం దించాం, 20 బస్తాలు" అని ఉంది. తెలియనివి రెండు, చీట్లు రెండు, ఇంకేం కావాలి అనుకుని కూర్చున్నా. రెండోదాన్ని రెండుతో గుణించి మొదటిదాంట్లోంచి తీసేశా. సున్నా ఈక్వల్‌టు సున్నా వచ్చింది. ఎక్కడో తప్పు చేశానని మళ్లీ మొదలుపెట్టా. మళ్లీ అదే సున్నా. చీకటి పడుతుంటే పెద్ద గుమాస్తా వచ్చి తొంగిచూసి, "ఒరే, ఇవి రెండు చీట్లు కాదురా, ఒకే చీటీని రెండుసార్లు రాశారు" అన్నాడు. లారీతో వచ్చిన మనిషిని పిలిచి ఒకే మాట అడిగాడు: "ఏది ఎక్కువ, ఎన్ని బస్తాలు ఎక్కువ?" ఎర్రది 8 ఎక్కువట. అంటే 24, 16. ఆ లెక్క నేనే వేశాను, అర నిమిషంలో.

మీ పరీక్షలో అడిగేది పట్టీ రాయమని కాదు. పట్టీ రాయడానికి చేతిలో ఉన్న చీట్లు చాలుతాయా అని. ఇక్కడే మీరిద్దరూ దెబ్బతింటున్నారు. అబ్బయ్య పంపిన కాగితాలు చూశాను. ప్రతి లెక్కా చివరిదాకా చేసి, జవాబు కింద రెండు గీతలు కూడా కొట్టాడు. ఆ గీతలకు మార్కులు లేవు నాయనా. మీరు రాసే ఐసెట్‌లో, అంటే ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్షలో, 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. భాగిస్తే ప్రశ్నకు 45 సెకన్లు. అందులో డేటా సఫిషియెన్సీవి 20. జవాబు ఒక్కటే వస్తుందని తేలిన క్షణం చెయ్యి ఆగిపోవాలి.

ప్రతి ప్రశ్న కిందా రెండు స్టేట్‌మెంట్లు, నా చీట్లలాంటివి, ఉంటాయి. మొదటిదే చాలా, రెండోదే చాలా, రెండూ కలిస్తేనే చాలా, కలిపినా చాలవా అన్నదే మీరు పెట్టాల్సిన జవాబు. మొదట ఒక అలవాటు చేసుకోండి. మొదటి స్టేట్‌మెంట్ చూసేటప్పుడు రెండోదాన్ని అరచేత్తో మూసేయండి. తర్వాత మొదటిదాన్ని మూసి రెండోది చూడండి. కోర్టులో ఒక సాక్షి చెప్పింది రెండో సాక్షికి వినిపించరు కదా, అలాగ. విడివిడిగా ఏదీ చాలనప్పుడే ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాలి. అమ్మణ్ణి తప్పులు సగం ఇక్కడివే. రెండోది చదివేటప్పుడు మొదటిది మనసులోంచి పోదు ఆమెకు.

"రెండు తెలియనివి ఉంటే రెండు ఈక్వేషన్లు కావాలి, కాబట్టి రెండూ కలిపితే చాలు అని పెట్టేయడమే" అని మీ స్నేహితులు చెబుతున్నారట. నా బెల్లం చీట్ల దగ్గరే ఆ సూత్రం విరిగిపోయింది. రెండు ఉన్నా చాలలేదు. ఒక్కటే చాలే లెక్కలూ ఉంటాయి, అవి ఇంకా గడుసువి. ఇది చూడండి.

అమ్మణ్ణి గాంధీ రోడ్డులో 35 రూపాయల నోటుబుక్కులు కొన్ని, 12 రూపాయల పెన్నులు కొన్ని కొంది. నోటుబుక్కులు ఎన్ని?
ఒకటి: మొత్తం 153 రూపాయలైంది.
రెండు: నోటుబుక్కులు, పెన్నులు కలిపి 7.

చూడగానే చెయ్యి "రెండూ కావాలి" వైపు పోతుంది. ఆగండి. నోటుబుక్కుల్ని న, పెన్నుల్ని ప అనుకుంటే మొదటిది 35న + 12ప = 153. ఇది ఒక్కటే ఈక్వేషన్ నిజమే. కానీ ముప్పావు నోటుబుక్కు ఎవరూ అమ్మరు. ప్రశ్నలో ఎక్కడా రాయకపోయినా, రెండూ పూర్ణ సంఖ్యలే కావాలి. నోటుబుక్కులు 4 దాటితే డబ్బు చాలదు. ఒక్కొక్కటీ పెట్టి చూస్తే 3 దగ్గర మాత్రమే మిగిలిన 48 రూపాయలకు సరిగ్గా 4 పెన్నులు వస్తాయి. 0, 1, 2, 4 దగ్గర మిగిలిన డబ్బు 12తో తెగదు. కాబట్టి మొదటిది ఒక్కటే చాలు.

రెండోది ఒక్కటే చాలదు, అది వేలితో లెక్కపెట్టినా తెలుస్తుంది.

ప్రతిసారీ ఇలా పెట్టి చూడాలా అని అబ్బయ్య మూతి ముడుస్తాడు. దానికీ ఒక దారి ఉంది. ఒక జవాబు దొరికాక ఇంకో జవాబు కావాలంటే, కొన్ని నోటుబుక్కులు వెనక్కిచ్చి అదే డబ్బుకు పెన్నులు తీసుకోవాలి. చిల్లర మిగలకుండా ఆ మార్పిడి ఎప్పుడు కుదురుతుంది? 35కూ 12కూ కసాగు, అంటే రెండింటితోనూ తెగే అతి చిన్న సంఖ్య, ఎంత? 420. అంటే 12 నోటుబుక్కులిచ్చి 35 పెన్నులు తెచ్చుకోవాలి. అమ్మణ్ణి ఖర్చే 153. మార్పిడికి చోటు లేదు. మొత్తం ఆ కసాగు కంటే తక్కువైతే రెండో జవాబు పుట్టదు.

ఇప్పుడు కొండ మీద లడ్డూల దగ్గరికి రండి. చిన్న లడ్డు 50, కల్యాణం లడ్డు 200. ఒకాయన 450 రూపాయలకు లడ్డూలు తీసుకున్నాడు, పెద్దవి ఎన్ని? ఇక్కడ కసాగు 200. నాలుగు చిన్నవిచ్చి ఒక పెద్దది తీసుకోవచ్చు. అందుకని 9 చిన్నవి కావచ్చు, 5 చిన్నవి 1 పెద్దది కావచ్చు, 1 చిన్నది 2 పెద్దవి కావచ్చు. చాలదు. "పెద్దవి ఒకటి కంటే ఎక్కువ" అనే మాట తోడైతే 2 అని తేలిపోతుంది. ఈక్వేషన్ తేల్చలేని దాన్ని ఒక్కోసారి ఇలాంటి అసమానత తేలుస్తుంది.

అసమానతలంటే మీకెందుకంత చిన్నచూపో నాకు అర్థం కాదు. "కంటే ఎక్కువ, కంటే తక్కువ అంటే కచ్చితమైన అంకె రాదు, కాబట్టి చాలదు" అని కొట్టేస్తున్నారు. దామలచెరువు మండీ నుంచి ఆటోలో మామిడి పెట్టెలు వస్తున్నాయనుకోండి. ఒక్కో పెట్టె 18 కిలోలు. పెట్టెలెన్ని?
ఒకటి: మొత్తం బరువు 200 కిలోలు దాటింది.
రెండు: మొత్తం బరువు 230 కిలోల లోపే.

11 పెట్టెలైతే 198, దాటదు. కాబట్టి మొదటిదాని ప్రకారం 12 లేదా అంతకంటే ఎక్కువ. 13 అయితే 234, లోపు కాదు. కాబట్టి రెండోదాని ప్రకారం 12 లేదా అంతకంటే తక్కువ. విడిగా రెండూ చాలవు, కలిపితే 12 ఒక్కటే మిగిలింది. అదే పెట్టెలు కాకుండా క్యాన్‌లో పాలు అయితే? 200కూ 230కీ మధ్య 201 ఉండొచ్చు, 215న్నర ఉండొచ్చు. ఎంత కలిపినా చాలదు. అడిగిన వస్తువును లెక్కపెడతామా, కొలుస్తామా అన్నది ముందే చూసుకోండి.

ఇక "అవునా, కాదా" అని అడిగే ప్రశ్నలు. అబ్బయ్య దగ్గరున్న డబ్బుతో 240 రూపాయల పుస్తకం కొనగలడా?
ఒకటి: అతని డబ్బు చెల్లెలి డబ్బుకు రెట్టింపు, ఇద్దరిదీ కలిపితే 330 కంటే తక్కువ.
రెండు: అతని దగ్గర చెల్లెలి కంటే 90 ఎక్కువ ఉంది.

మొదటిది చూడండి. చెల్లెలి డబ్బుకు మూడు రెట్లు 330 లోపు, అంటే ఆమెది 110 లోపు, అబ్బయ్యది 220 లోపు. పుస్తకం రాదు. అతని జేబులో ఎంతుందో మనకు తెలీదు, తెలియక్కర్లేదు కూడా. డబ్బు చాలదని చెప్పడానికి ఈ స్టేట్‌మెంట్ చాలు. నవ్వకండి, ఈ రెండు "చాలు"ల దగ్గరే మంచి మంచివాళ్లు జారిపడతారు. జవాబు "కాదు" అని వస్తే "స్టేట్‌మెంట్ చాలదు" అని పెట్టేస్తారు. కచ్చితమైన కాదు కూడా జవాబే. ఒకసారి అవును, ఒకసారి కాదు అని వస్తేనే చాలనట్టు. రెండోది అలాంటిదే: చెల్లెలి దగ్గర 10 ఉంటే అతనిది 100, చెల్లెలి దగ్గర 200 ఉంటే అతనిది 290.

ఇంకొకటి, అసమానతలో తెలియని దానితో రెండు వైపులా భాగించకండి. అది మైనస్ అయితే గుర్తు తిరగబడుతుంది. వయసులూ బరువులూ అయితే భయం లేదు, ఉత్త "ఒక సంఖ్య" అంటేనే జాగ్రత్త. వర్గాలకూ అంతే. వర్గం 49 అయిన సంఖ్య ఏది అంటే 7, మైనస్ 7 రెండూ వస్తాయి. వైశాల్యం 49 చదరపు మీటర్లున్న చతురస్రం గది పొడవు అంటే 7 ఒక్కటే.

బ్యాంకు పరీక్ష కూడా రాస్తానన్నావు కదా అబ్బయ్యా. వాటిలో "దేనికదే విడిగా చాలు" అనే ఐదో ఆప్షన్ కూడా ఉంటుంది. మొదటిది చాలిందని రెండోది చూడకుండా దాటిపోకు. రెండూ విడివిడిగా చాలి, వేర్వేరు జవాబులు వచ్చాయంటే పొరపాటు నీదే. మంచి ప్రశ్నలో రెండు స్టేట్‌మెంట్లు ఒకదాన్నొకటి కొట్టుకోవు.

ఆదివారం వస్తున్నారని అవ్వ ఓళిగలకు శనగపప్పు నానబెడతానంటోంది. ఎంతమంది వస్తారని అడిగితే "కనీసం ముగ్గురం" అని నువ్వన్నావు, "అయిదుగురికి మించం" అని అమ్మణ్ణి అంది. రెండూ కలిపి చూశాను, చాలలేదు. శనివారం సాయంత్రం లోపు ఫోన్ చేసి ఇంకో మాట చెప్పండి.

మీ తాత