ఫోన్‌లో లేని ఊరు

చిన్నారులకు ఆశీస్సులు.

మీ బడిలో ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు పెట్టిన కాలేజీ అక్కలూ అన్నలూ వీధిలో ముగ్గుపిండితో ఊరి పటం వేయిస్తుంటే, “ఫోన్‌లో మ్యాప్ ఉందిగా, మళ్లీ ఇదెందుకు?” అని మీరు అడిగారట. మంచి ప్రశ్న. ఫోన్ తీసి చూడండి. రోడ్డు మీది పెట్రోలు బంకు, ఎరువుల కొట్టు కనిపిస్తాయి. కాలనీలో ఉప్పునీళ్లు పడే బోరింగు, వానొస్తే మునిగే సందు, దీపాల్లేని శ్మశానం దారి మాత్రం ఉండవు. అవి అక్కడ బతికేవాళ్లకే తెలుసు.

పటం వేయడం చుక్కల ముగ్గు లాంటిది. ముందు చుక్కలు, తరవాతే గీతలు. వాటర్ ట్యాంకు, బడి, రావిచెట్టు, ఇలా అందరికీ తెలిసిన నాలుగైదు గుర్తులు ముందు నేలమీద పెట్టాలి. ఒక చుక్క పక్కకు జరిగితే గీతలు కలవవు. ట్యాంకు తప్పుచోట పెడితే వీధి వీధంతా ఇరుక్కుపోతుంది. ముగ్గుకు వాకిలి చాలాలి కదా, దీనికీ అంతే. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పైనా చోటుండాలి. లేకపోతే నడిబొడ్డు ఇళ్లు విశాలంగా వచ్చేసి, ఊరి చివరి వాడకు నేల మిగలదు. అందుకే అంచుల నుంచి మొదలుపెట్టించాలి. ఇంకో సంగతి: ముగ్గు ఆ ఇంటివాళ్లే వేయాలి. చదువుకున్న పిల్లలు తొందరపడి పిండి తమ చేతిలోకి తీసుకుంటారు. గీతలు చక్కగా వస్తాయి, ఊరు రాదు.

మా చిన్నతనంలో ఊరి నక్షా కరణంగారి పెట్టెలో ఉండేది. గట్టు తగాదా వస్తే ఆయన గడప తొక్కాల్సిందే. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణీకాలు పోయాయి. నక్షా ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లదే అన్న పద్ధతి మాత్రం అంత తేలిగ్గా పోలేదు.

అందుకే ఎక్కడ వేస్తున్నామన్నది కూడా చూడాలి. సర్పంచి ఇంటి ముందో రచ్చబండ దగ్గరో వేస్తే కొందరు దూరంగా నిలబడిపోతారు. కూలికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చాక, వాళ్ల వాడలోనే వేయించాలి. ఆడవాళ్లతో విడిగా ఇంకోటి వేయించాలి. మగవాళ్ల పటంలో పొలాలు, కాలువలు నిండుగా ఉంటే, ఆడవాళ్ల పటంలో నీళ్లకు నడిచే దూరం, మరుగుకు వెళ్లే చోటు బయటపడతాయి. రెండూ పక్కపక్కన పెడితే తేడా ఉన్నచోటే అసలు చర్చ మొదలవుతుంది. కాలేజీ పిల్లలకు అంతకు మించిన పాఠం లేదు.

గాలి లేచేలోపు, గొడ్లు తొక్కేలోపు ఇద్దరు కూర్చుని కాగితం మీదకి ఎక్కించాలి. ఉత్తరం దిక్కు, తేదీ తప్పకుండా రాయాలి. మర్నాడు ఆ కాగితంతో ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి సరిచూసుకోవాలి. ఫోన్‌లో జీపీఎస్ గుర్తు పెట్టేటప్పుడు ఆకాశం కనిపించేచోట నిలబడి, ఫోన్ చూపించే తేడా (గుర్తు అసలు చోటుకు ఎంత పక్కన పడవచ్చో ఆ అంచనా) ఐదు మీటర్ల లోపుకు దిగేదాకా ఆగాలి. ఇరుకు సందుల్లో ఇంతకంటే చాలా ఎక్కువ తప్పుతుంది. ఆ తరవాత, ఇంటర్నెట్‌లో అందరూ కలిసి తయారుచేసుకునే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా ఎక్కించవచ్చు, పేర్లు తెలుగులోనూ రాయవచ్చు. గూగుల్ మ్యాప్ చూసి అందులోకి దించకూడదు, దానికి అనుమతి లేదు. ఏ ఇంట్లో జబ్బుంది, ఎవరికి అప్పుంది అన్నవి బయటి పటంలో ఎక్కించనే కూడదు.

టాంజానియాలోని దారెస్సలాంలో టాండాలే అనే పేదల బస్తీని 2011లో అర్ధి విశ్వవిద్యాలయం విద్యార్థులు, బస్తీవాళ్లు కలిసి ఇలాగే నడిచి పటంలోకి ఎక్కించారు. 2015 నుంచి ఆ నగరంలో ‘రమానీ హురియా’ (స్వాహిలీ భాషలో ‘అందరికీ తెరిచిన పటం’ అని) పేరుతో వరద ముంచే వాడల్లో మురికికాలువలను కూడా గుర్తించారు. వరద నీరు ఎటు పోతుందో తెలియకుండా కాలువ ఎక్కడ తవ్వాలో ఎవరు చెప్పగలరు?

క్యాంపు వాళ్లు వెళ్లేముందు పటం అడిగి తీసుకోండి. అసలు ఊళ్లోనే ఉండాలి, నకలే కాలేజీకి వెళ్లాలి. గ్రామసభ రోజున పెద్దవాళ్ల చేత దాన్ని గోడకు అంటించి, కుళాయి లేని ఇళ్లు వేలుపెట్టి చూపించమనండి. ఈలోగా ఒక పని చేయండి. మొన్నటి వానకు మీ సందులో నీళ్లు ఎంత నిలిచాయో, చీలమండా మోకాలా నడుమా, ఇంటింటికీ తిరిగి అడిగి రాసి పెట్టండి. ఆ పటంలో అదింకా లేదు.