కాంట్రాక్టు మారింది, పాత సర్వీసు ఎవరి ఖాతాలోకి?

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని ఒక ఐటీ భవనంలో ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ (భవనాన్ని శుభ్రంగా, సజావుగా నడిపే పని) కాంట్రాక్టు చేతులు మారడంతో గొడవ మళ్లీ మొదలైంది. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, ఎలక్ట్రికల్ సిబ్బందిలో చాలామందిని కొత్త ఏజెన్సీ తీసుకుంది. అయితే కొత్త అపాయింట్‌మెంట్ లెటర్లు ఇచ్చి, ఈరోజే చేరినట్టు రాసుకుంది. మిగిలిన సెలవుల డబ్బు, బోనస్, గ్రాట్యుటీ ఎవరిస్తారని అడిగితే పాత ఏజెన్సీ కొత్తవాళ్లను చూపిస్తోంది, కొత్త ఏజెన్సీ పాతవాళ్లను చూపిస్తోంది. మేం కొన్నది సర్వీసు, మనుషులతో మాకు సంబంధం లేదన్నది భవన యాజమాన్యం మాట.

ఆ మాట అనే ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం దగ్గర మొదలుపెట్టనక్కర్లేదు. 2001 ఆగస్టు 30న ఏం జరిగిందో చూస్తే చాలు.

అంతకు పాతికేళ్ల ముందు, 1976 డిసెంబర్ 9న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. తన పరిధిలోకి వచ్చే సంస్థల భవనాల్లో ఊడవడం, శుభ్రం చేయడం, దుమ్ము దులపడం, కాపలా కాయడం వంటి పనులకు కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదని అందులో ఉంది. ఇప్పుడు మనం హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ అంటున్నవి ఆ పనులే. కాంట్రాక్టు పద్ధతిని నిషేధించాక ఆ కార్మికులు సంస్థకే నేరుగా ఉద్యోగులవుతారని 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఊరట అయిదేళ్లు కూడా నిలవలేదు. 2001లో స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పును పక్కన పెట్టింది. ఆటోమేటిక్‌గా ఉద్యోగులవుతారని చట్టంలో ఎక్కడా లేదంది. 1976 నోటిఫికేషన్‌నూ కొట్టేసింది.

అదే తీర్పులో ఇంకో రెండు మాటలున్నాయి. కాంట్రాక్టు పేరుకే ఉండి, అసలు యజమాని సంస్థే అని తేలితే వాళ్లు సంస్థ ఉద్యోగులే. నిషేధం వచ్చాక ఆ పనికి రెగ్యులర్ మనుషులను తీసుకునేటప్పుడు పాత కాంట్రాక్టు కార్మికులకు వయసు, చదువు నిబంధనలు సడలించి మరీ ముందు అవకాశం ఇవ్వాలి. టెండర్లు రాసేవాళ్లకు ఈ రెండూ గుర్తుండవు, మొదటి సగమే గుర్తుంటుంది.

హైదరాబాద్‌కు ఈ తీర్పు వచ్చిన సమయం కూడా ముఖ్యమే. సైబర్ టవర్స్ 1998 నవంబర్‌లో మొదలైంది. మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా అద్దాల భవనాలు లేచిన కొద్దీ వాటిని నడిపే పని ఏజెన్సీల చేతికి వెళ్లింది. మూడేళ్లకో కాంట్రాక్టు అనేది మామూలైంది. 1972 గ్రాట్యుటీ చట్టం పెట్టిన నిబంధన ప్రకారం ఒకే యజమాని దగ్గర అయిదేళ్లు వరసగా చేస్తేనే గ్రాట్యుటీ. పాలమూరు నుంచి వచ్చి అదే నాలుగో అంతస్తును పదేళ్లు తుడిచిన మనిషి నాలుగు యూనిఫాంలు మార్చి ఉంటే, కాగితం మీద ఆమెకు అయిదేళ్లు ఎప్పటికీ నిండవు. బ్రిటన్‌లో ఇలాంటి సర్వీసు కాంట్రాక్టులు మారితే 2006 నిబంధనల ప్రకారం సిబ్బంది పాత సర్వీసుతో సహా కొత్త ఏజెన్సీకి వెళ్తారు. మన దగ్గర అలాంటి చట్టం లేదు.

చేతులు మారే రాత్రి ఎలా ఉంటుందో చూస్తే సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. కొత్త సూపర్‌వైజర్ జనరేటర్ ట్యాంకులో కొలకర్ర ముంచి డీజిల్ ఎంతుందో ఫొటో తీస్తాడు. మీటర్ రీడింగులు, తాళాల గుత్తులు, లిఫ్టుల మెయింటెనెన్స్ ఒప్పందాలు, ఏసీ చిల్లర్ల లాగ్ బుక్కులు, ఫైర్ పంపుల పరీక్ష, బీఎంఎస్ (భవనంలోని యంత్రాలను నడిపే కంప్యూటర్ వ్యవస్థ) పాస్‌వర్డులు, అన్నిటికీ ఇద్దరూ సంతకాలు చేస్తారు. వస్తువులకు ఇంత జాగ్రత్త తీసుకోవాల్సిందే, తప్పు లేదు. గేటు దగ్గర మాత్రం పాత ఐడీ కార్డు ఇచ్చేయించి, పీఎఫ్ ఫామ్ 11 (కొత్తగా చేరినవాళ్లు ఇచ్చే డిక్లరేషన్) మీద సంతకం పెట్టించుకుంటే మనుషుల సంగతి అయిపోయినట్టే. పాత ఏజెన్సీ పీఎఫ్ పోర్టల్‌లో మానేసిన తేదీ వేయకపోతే పాత డబ్బు కొత్త ఖాతాకు మారడం ఆలస్యమవుతుంది. ఏ పంపు ఎండాకాలంలో ట్రిప్ అవుతుందో, ఏ వాల్వు తిప్పితే ఆరో అంతస్తుకు నీళ్లు ఆగుతాయో తెలిసిన ఎలక్ట్రీషియన్, ప్లంబర్ ఈ టెన్షన్‌కు విసిగి వేరేచోట చేరితే, ఆ తెలివి ఏ రిజిస్టర్‌లోనూ దొరకదు. మొదటి నెల ఫిర్యాదులు అందుకే ఎక్కువ.

టెండర్‌లో లేని పాత బాకీలను తామెలా మోస్తామని కొత్త ఏజెన్సీ అడుగుతోంది. అందులో న్యాయం ఉంది. కానీ టెండర్ రాసింది భవన యాజమాన్యమే. ఆ పాత బాకీల లెక్కను అందులో పెట్టవద్దని ఎవరూ చెప్పలేదు. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే అసలు యజమాని, అంటే పని కాంట్రాక్టుకిచ్చిన సంస్థ, చెల్లించి తర్వాత వసూలు చేసుకోవాలని 1970 చట్టం 21వ సెక్షన్‌లోనే ఉండేది. పీఎఫ్ పథకం 30వ పేరా కూడా కాంట్రాక్టు కార్మికుల చందా బాధ్యతను అసలు యజమాని మీదే పెట్టింది. మనుషులతో సంబంధం లేదనడం ఆ రెండింటి ముందు నిలబడదు.

2025 నవంబర్ 21న పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి రావడంతో వాదన మలుపు తిరిగింది. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు వర్తించే పరిమితి 20 మంది నుంచి 50కి పెరిగింది. కాంట్రాక్టు కార్మికుల మీద నిషేధం ఇప్పుడు ‘ప్రధాన కార్యకలాపం’ (సంస్థ ఏ పని కోసం పెట్టారో ఆ పని) వరకే. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, తోటపని వంటివి మామూలుగా దాని కిందికి రావు. 2001లో కోర్టు కొట్టేసిన నిషేధం మళ్లీ వచ్చే దారి అలా మూసుకుపోయింది. అయితే ఉద్యోగం పోయినా, మానేసినా జీతం లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలి. అందరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ వస్తుంది.

అందుకే నానక్‌రామ్‌గూడ సిబ్బంది ఇప్పుడు రెండే అడుగుతున్నారు. కొత్త లెటర్‌లో కాంట్రాక్టు కాలాన్ని ఉద్యోగ కాలంగా స్పష్టంగా రాయాలి. సెలవుల డబ్బు, బోనస్ ఇచ్చినట్టు రసీదులు, పీఎఫ్ చలాన్లు చూపించేదాకా పాత ఏజెన్సీ చివరి బిల్లు ఆపాలి. ఆ బిల్లు ఇంకా యాజమాన్యం చేతిలోనే ఉంది.