మణలి నుంచి ఓఎంఆర్ దాకా: చెన్నై పరిశ్రమలు నీటికి లెక్క చెప్పడం ఎలా మొదలైంది

2019 జూన్‌లో చెన్నైకి నీరందించే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాల్లో కలిపి మొత్తం సామర్థ్యంలో 1 శాతం నీరు కూడా లేదు. ఈ నాలుగింటికీ కలిపి 11 టీఎంసీలకు పైగా నిల్వ సామర్థ్యం ఉంది. ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్డు) వెంబడి ఉన్న ఐటీ కంపెనీల్లో కొన్ని ఉద్యోగులను ఇంటి నుంచే పనిచేయమన్నాయి. కార్యాలయాల క్యాంటీన్లలోనూ మరుగుదొడ్లలోనూ నీటి వాడకానికి కోత పెట్టాయి. నెల్లూరు, చిత్తూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి వచ్చి షోలింగనల్లూరు చుట్టుపక్కల హాస్టళ్లలో, అద్దె ఇళ్లలో ఉంటున్న తెలుగు ఉద్యోగులు చాలామంది ఆ వేసవిలో సొంతూళ్ల బాట పట్టారు. జూలై 12న జోలార్‌పేట నుంచి 25 లక్షల లీటర్ల కావేరీ నీటితో మొదటి రైలు నగరానికి చేరింది. కంపెనీలకూ నీటి బాధ్యత ఉందన్న చర్చ అప్పుడే పుట్టిందని చాలామంది అనుకుంటారు గానీ, ఈ నగరంలో దాని మూలాలు అంతకు యాభై ఏళ్ల ముందు, ఉత్తరాన మణలిలో కనిపిస్తాయి.

చెన్నై వాన పడని ఊరు కాదు. ఏడాదికి సగటున 1,400 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. అయితే అందులో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాల కాలంలో, కొద్ది రోజుల్లోనే కుమ్మరించి పోతుంది. ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. అందుకే ఊరు పెరిగినప్పుడల్లా నీటి కోసం మరికొంత దూరం వెళ్లవలసి వచ్చింది. 1772లో సెయింట్ జార్జి కోటకు ఏడు బావుల నుంచి నీరు తెచ్చుకునే ఏర్పాటు జరిగింది. (ఇక్కడ నీటి సరఫరా కట్టిన తొలి కంపెనీ ఈస్టిండియా కంపెనీయే అనుకుంటే, కంపెనీలకూ నీటికీ ఉన్న సంబంధం మనం అనుకున్నదానికన్నా పాతదే.) 1872 నుంచి పుళల్ చెరువు నగరానికి ఆధారమైంది. 1944లో పూండి జలాశయం పూర్తయింది.

స్వాతంత్ర్యానంతరం పారిశ్రామికీకరణ జరిగినప్పుడు ఈ లెక్క మారిపోయింది. 1965లో ఏర్పాటైన మద్రాస్ రిఫైనరీస్, 1966లో ఏర్పాటైన మద్రాస్ ఫర్టిలైజర్స్ మణలిలో కర్మాగారాలు కట్టాయి. వాటి చుట్టూ పెట్రో రసాయన పరిశ్రమలు వచ్చాయి. ముడి చమురును శుద్ధి చేయాలన్నా, యూరియా తయారు చేయాలన్నా బాయిలర్లకు, కూలింగ్ టవర్లకు రాత్రింబవళ్లు నీరు కావాలి. తాగునీటికే కటకటలాడే నగరం ఆ నీటిని చెరువుల నుంచి ఇవ్వలేదు. 1960ల చివర్లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం సహాయంతో జరిగిన భూగర్భ జల సర్వే, నగరానికి ఉత్తరాన ఆరణి, కుశస్థలి నదుల పరీవాహకంలో మంచి జలపొరలు ఉన్నాయని తేల్చింది. మింజూరు, పంజెట్టి, తామరైపాక్కం ప్రాంతాల్లో వరసగా బోర్లు వేసి, మణలి పరిశ్రమలకు పైపుల ద్వారా నీరు పంపడం మొదలుపెట్టారు. ఈ నదుల ఎగువ భాగం మన ఆంధ్ర వైపే ఉంది; పిచ్చాటూరు దగ్గరి ఆరణియార్ జలాశయం ఆ ఆరణి మీద కట్టిందే. చిత్తూరు కొండల్లో కురిసిన వాన ఇసుక పొరల్లోకి ఇంకి, చివరకు మణలిలో ఆవిరిగా పైకి లేచిందన్నమాట.

తోడిన నీరు ఇంకే నీటిని మించిపోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మింజూరు సముద్రానికి దగ్గర. తీర ప్రాంతపు జలపొరలో మంచినీటి మట్టం పడిపోతే, దాని ఒత్తిడికి ఇన్నాళ్లూ ఆగి ఉన్న ఉప్పునీరు లోపలికి చొచ్చుకువస్తుంది. మింజూరు దగ్గర సరిగ్గా ఇదే జరిగింది. ఏడాదికేడాది ఉప్పునీటి సరిహద్దు తీరం నుంచి కిలోమీటర్ల కొద్దీ లోపలికి జరిగింది, బావులు ఒకదాని తర్వాత ఒకటి పనికిరాకుండా పోయాయి. ఆ ప్రాంతంలో వ్యవసాయానికి కూడా విపరీతంగా తోడేవారు కాబట్టి, నష్టాన్నంతా పరిశ్రమల ఖాతాలోనే వేయడం న్యాయం కాదు. కానీ వరి వేసిన రైతుకు కాలం కలిసిరాకపోతే పొలం బీడుపెట్టుకునే వీలుంది. కర్మాగారం మాత్రం కరువు ఏడాదిలోనూ అదే వేగంతో తోడుతుంది. జలపొర మీద పరిశ్రమ వేసే భారం అసలు ఏ రకానిదో ఈ తేడాలోనే తెలుస్తుంది.

1987లో చెన్నై మహానగర ప్రాంత భూగర్భ జల నియంత్రణ చట్టం వచ్చింది. నిర్దేశించిన ప్రాంతాల్లో బావి తవ్వాలన్నా, నీటిని లారీల్లో తరలించాలన్నా అనుమతి తప్పనిసరి అయింది. దాన్ని అమలు చేయవలసిన నీటి సరఫరా, మురుగుపారుదల బోర్డు, అంటే జనం పిలిచే మెట్రో వాటర్, 1978లోనే ఏర్పడింది. చట్టం కాగితం మీద గట్టిగానే ఉంది, కానీ దాని ప్రభావాన్ని లారీల వరుసలను చూసే అంచనా వేయాలి. మణలిలో మార్పు వచ్చింది మాత్రం ఈ చట్టం కన్నా ఎక్కువగా నీటి కొరత వల్లే.

1990ల తొలి సంవత్సరాల్లో రిఫైనరీ, ఎరువుల కర్మాగారం రెండూ కొడుంగైయూరు మురుగు శుద్ధి కేంద్రం నుంచి ద్వితీయ స్థాయి (సూక్ష్మజీవులతో మలినాలను తొలగించే దశ) దాకా శుద్ధి అయిన నీటిని కొనుక్కోవడం ప్రారంభించాయి. ఆ నీటిని తమ ఆవరణల్లో కట్టుకున్న ప్లాంట్లలో మళ్లీ రసాయనాలతో శుద్ధి చేసి, వడపోసి, రివర్స్ ఆస్మోసిస్ పొరల గుండా పంపి, ప్రధానంగా కూలింగ్ టవర్ల అవసరాలకు వాడుకున్నాయి. ఈ ఖర్చు వాటికి తక్కువేమీ కాదు. అయినా అవి ముందుకు వచ్చాయంటే కారణం ఒక్కటే: బోరు నీరు ఉప్పగా మారింది, నగరం తాగునీరు ఇవ్వనంది, ప్లాంటు ఆపితే వచ్చే నష్టం శుద్ధి ఖర్చు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. రిఫైనరీ తర్వాతి కాలంలో కాట్టుపల్లిలో సొంతంగా సముద్రపు నీటి శుద్ధి ప్లాంటు కూడా కట్టుకుంది. సుస్థిరత నివేదికలు, అవార్డులు లేని రోజుల్లో జరిగిన ఈ మార్పును చెన్నై పారిశ్రామిక చరిత్రలో అత్యంత ఫలవంతమైన నీటి పొదుపుగా నేను లెక్కిస్తాను, ఎందుకంటే అది కర్మాగారాన్ని ఊరంతా పంచుకునే నీటి మీది నుంచి తప్పించింది. తర్వాత వచ్చిన కార్యక్రమాలను కొలవడానికి నాకు ఇదే గజం.

ఇదే కాలంలో నగరం మరోవైపు కృష్ణా నీటి కోసం ఎదురుచూస్తూ ఉంది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు వదులుకుని మద్రాసుకు 15 టీఎంసీలు ఇవ్వడానికి 1976లో అంగీకరించాయి. ఆవిరి నష్టాలు పోగా సరిహద్దుకు 12 టీఎంసీలు చేరాలి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం కుదిరి తెలుగు గంగ పథకం మొదలైంది. శ్రీశైలం నుంచి సోమశిలకు, అక్కడి నుంచి కండలేరుకు, కండలేరు నుంచి ఊతుకోట మీదుగా పూండికి నీరు చేరాలి. 1996లో తొలిసారి చేరింది. కానీ తర్వాతి పాతికేళ్లలో ఏ ఏడాదీ ఒప్పందంలో రాసుకున్న 12 టీఎంసీలు పూర్తిగా అందలేదు. శ్రీశైలంలో నీరు లేని ఏడాది పైనుంచే రాదు. వచ్చినప్పుడు కూడా మట్టి కాలువలో ఇంకిపోయేది, గట్లు తెగేవి, దారిలోని రైతులు తోడుకునేవారు. కండలేరు నుంచి సరిహద్దు దాకా దాదాపు 150 కిలోమీటర్ల కాలువను 2002 తర్వాత సత్యసాయి సెంట్రల్ ట్రస్టు తన ఖర్చుతో బాగుచేసి లైనింగ్ వేయించింది. ఆ పని 2004లో పూర్తయ్యాక నీటి రాక మెరుగుపడింది. అది కంపెనీ సొమ్ము కాదు, భక్తుల విరాళం. అయినా ప్రైవేటు డబ్బు ఈ నగరపు నీటికి చేసిన అతిపెద్ద మేలు ఏదంటే అదే ముందు గుర్తొస్తుంది, అదీ నగరం బయట, నెల్లూరు నేలలో జరిగింది.

మిగిలిన మలుపులను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2003లో తమిళనాడు ప్రభుత్వం ఇళ్లు, కార్యాలయాలు, కర్మాగారాలన్నిటికీ వాన నీటి ఇంకుడు ఏర్పాట్లు తప్పనిసరి చేసింది. ఆ తర్వాత భూగర్భ మట్టాలు పెరిగాయి, అయితే 2005 నాటి కుంభవృష్టికీ అందులో వాటా ఉంది. 2004లో వీరాణం చెరువు నుంచి పైపులైను వచ్చింది. 2010లో మింజూరు పథకం కింద కాట్టుపల్లిలో, 2013లో నెమ్మేలిలో రోజుకు 10 కోట్ల లీటర్ల సామర్థ్యంతో సముద్రపు నీటి శుద్ధి కేంద్రాలు పనిచేయడం ప్రారంభించాయి. సముద్రపు నీటి నుంచి కిలోలీటరు మంచినీరు తీయడానికి సుమారు 3 నుంచి 4 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది.

ఈలోగా పరిశ్రమ మణలి నుంచి దక్షిణానికీ పడమరకూ పాకింది. 1990ల చివరి నుంచి ఇరుంగాట్టుకోట, శ్రీపెరుంబుదూరు, ఒరగడం ప్రాంతాల్లో కార్లు, ఫోన్లు తయారు చేసే కర్మాగారాలు వచ్చాయి. 2000 తర్వాత ఓఎంఆర్ ఐటీ నడవాగా మారింది. సాఫ్ట్‌వేర్ కార్యాలయానికి నీరు అంతగా అక్కరలేదని ఎవరైనా అంటే, ఒక భవనంలో వేలమంది పగలంతా ఉంటారని, ఆ భవనాన్ని చల్లబరిచే యంత్రాలూ నీటితోనే నడుస్తాయని గుర్తుచేయాలి. రోడ్డు ముందు వచ్చింది, అద్దాల భవనాలు వచ్చాయి, పైపులైను మాత్రం చాలాచోట్ల రాలేదు. ఆ ఖాళీని ట్యాంకర్లు నింపాయి. తిరువళ్లూరు, కాంచీపురం, చెంగల్పట్టు జిల్లాల పల్లెల్లో వ్యవసాయ బావుల నుంచి తోడిన నీరు రోజూ నగరానికి చేరుతూ వచ్చింది. పంట పండించడం కన్నా నీరు అమ్మడం లాభమైన చోట రైతును తప్పుపట్టడం కష్టం. పక్క పొలంలో బావి ఎండిపోయిన రైతుకు మాత్రం ఆ అమ్మకంలో వాటా ఉండదు. భూగర్భ జలాలపై రాష్ట్రమంతటికీ వర్తించేలా 2003లో చేసిన చట్టాన్ని ప్రభుత్వం 2013లో రద్దు చేసుకుంది.

దేశ స్థాయిలో కంపెనీలను కదిలించిన సంఘటన కేరళలో జరిగింది. పాలక్కాడు జిల్లా ప్లాచిమడలో 2000లో మొదలైన కోకాకోలా ప్లాంటు తమ బావులు ఎండిపోయేలా చేసిందని, వాటిని కలుషితం చేసిందని గ్రామస్థులు ఆందోళన చేశారు. పంచాయతీ లైసెన్సు పునరుద్ధరించలేదు. 2004 మార్చిలో ప్లాంటు మూతపడింది. 2007లో ఆ కంపెనీ తన పానీయాల్లో వాడినంత నీటిని ప్రకృతికి తిరిగి ఇస్తామని ప్రకటించింది. అదే ఏడాది ఐక్యరాజ్య సమితి గ్లోబల్ కాంపాక్ట్ కింద ప్రపంచ కంపెనీల అధినేతలు నీటి బాధ్యతపై ఒక ఒడంబడికకు వచ్చారు. ‘వాటర్ పాజిటివ్’, అంటే వాడినదాని కన్నా ఎక్కువ నీటిని నిలుపుతున్నాం అనే ప్రకటన, అప్పటి నుంచి వార్షిక నివేదికల్లో మామూలైంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి, పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలని నిర్దేశించింది. నీటి సంరక్షణ ఆ జాబితాలో ఉంది.

ఆ డబ్బుతో చెన్నై చుట్టూ చాలా చెరువుల్లో పూడిక తీశారు, గట్లు బలపరిచారు, తూములు బాగుచేశారు. పని జరిగిన చోట వాన నీరు నిలిచింది, చుట్టుపక్కల బోర్లలో మట్టం పెరిగింది; దాన్ని చిన్నచూపు చూడడం తగదు. చిక్కంతా లెక్కలో ఉంది. చెరువు నిండితే పట్టే నీటిని కంపెనీ తన ఖాతాలో జమ వేసుకుంటుంది, కానీ వానలు తప్పిన ఏడాది ఆ చెరువు నిండదు, కర్మాగారం తోడడం ఆపదు. ఒక జిల్లాలో చెరువు బాగుచేసి, మరో జిల్లా బావిని తోడితే, రెండో జిల్లా రైతుకు ఆ జమ వల్ల ఒరిగేదేమీ ఉండదు. పైగా కర్మాగారం లోపల మురుగును శుద్ధి చేసి తిరిగి వాడుకోవడం సొంత వ్యాపారంలో భాగం కాబట్టి సామాజిక బాధ్యత ఖర్చుగా చూపించే వీలులేదు. చట్టపు తర్కం ప్రకారం అది సబబే. ఫలితంగా రిబ్బను కత్తిరించే అవకాశమున్న చెరువుకు నిధి దొరుకుతుంది, కనిపించని పైపులైను మాత్రం ఫైనాన్స్ విభాగంలో వాదించి గెలవాలి.

నీతి ఆయోగ్ 2018లో, 2020 నాటికి చెన్నైతో సహా 21 నగరాల్లో భూగర్భ జలాలు అడుగంటిపోతాయని చెప్పింది. ఆ అంచనాకు ఆధారమేమిటని నిపుణులు ప్రశ్నించారు, చెప్పినట్టు జరగనూ లేదు. కానీ 2019 వేసవి ఆ హెచ్చరికకు బలం చేకూర్చినట్టయింది. అదే ఏడాది కొడుంగైయూరు, కోయంబేడుల్లో మురుగును తృతీయ స్థాయి (ద్వితీయ స్థాయి తర్వాత మరింత శుద్ధి చేసే దశ) దాకా శుద్ధి చేసే కేంద్రాలు ప్రారంభమయ్యాయి. ఒక్కొక్కటి రోజుకు 4.5 కోట్ల లీటర్లు. మొదటిది మణలి, ఎన్నూరు వైపు పరిశ్రమలకు, రెండోది పడమటి వైపు శ్రీపెరుంబుదూరు, ఒరగడం పారిశ్రామిక వాడలకు నీరు పంపుతాయి. 1990లలో రెండు కర్మాగారాలు తమంతట తాము చేసిన పని ముప్పై ఏళ్లకు నగర పథకమైంది. రెండు కేంద్రాలూ పూర్తిగా పనిచేస్తే పరిశ్రమల నుంచి రోజుకు 9 కోట్ల లీటర్ల మేర మంచినీరు మిగులుతుంది. ఒప్పందం ప్రకారం కృష్ణా నీరు పూర్తిగా వస్తే రోజుకు 93 కోట్ల లీటర్లవుతుంది కాబట్టి, ఈ 9 కోట్లు అందులో పదో వంతే. తేడా ఏమిటంటే ఇవి శ్రీశైలం నీటిమట్టం మీద ఆధారపడవు.

ఇప్పుడు ప్రశ్న వెల్లడి దగ్గరికి వచ్చింది. మార్కెట్ విలువలో మొదటి 1,000 స్థానాల్లో ఉన్న లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి ‘బీఆర్‌ఎస్‌ఆర్’ అనే బాధ్యత నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిర్దేశించింది. ఏ మూలం నుంచి ఎంత నీరు తీసుకున్నారో అందులో విడివిడిగా చెప్పాలి: ఉపరితల జలం, భూగర్భ జలం, ఇతరుల నుంచి కొన్నది, సముద్రపు నీరు. ట్యాంకరు నీరు ఇందులో ‘ఇతరుల నుంచి కొన్నది’ అనే గడిలో పడుతుంది, అది ఏ ఊరి బావి నుంచి వచ్చిందో చెప్పవలసిన పని లేదు. నీటి ఎద్దడి ఉన్న ప్రాంతాల్లోని ఒక్కో ప్లాంటు ఎంత నీరు తీసుకుంది, అందులో ఎంత వాడేసింది, ఎంత బయటకు వదిలింది అనే ప్రశ్న కూడా ఆ పత్రంలో ఉంది. అయితే దానికి జవాబివ్వడం కంపెనీ ఇష్టానికే వదిలేశారు.