ఫోన్ ట్యాపింగ్, ఐబీ, పార్లమెంటు కమిటీ: అపోహలు - వాస్తవాలు

మొన్న మిర్యాలగూడ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. చంకలో లావుపాటి ఫైలు. తెరిస్తే అన్నీ రిజిస్టర్డ్ పోస్టు రసీదులు, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డులు. ఎంపీ గారికి రెండు ఉత్తరాలు, స్పీకర్‌కి ఒకటి, పార్లమెంటు హోం కమిటీకి మూడు. ఐబీ, అంటే కేంద్రం కింద ఉండే ఇంటెలిజెన్స్ బ్యూరో, తన ఫోన్ ట్యాప్ చేస్తోందని ఆయన అనుమానం.

"పార్లమెంటు కంటే పైన ఎవరున్నారు లాయరు గారూ? వాళ్ళు పిలిచి అడిగితే ఐబీ వాళ్ళు చెప్పాల్సిందే కదా?"

మొదటి ఉత్తరం తేదీ చూశాను. ఎనిమిది నెలలైంది. ఏం చెప్పాలో కాసేపు తోచలేదు.

2024 మార్చిలో హైదరాబాద్‌లో ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదైన దగ్గర్నుంచి ఇలాంటివాళ్ళు నా దగ్గరకి చాలామంది వస్తున్నారు. అందరిదీ ఒకటే అపోహ: నిఘా సంస్థల మీద చట్టసభల కన్ను ఉంది, అక్కడ మొర పెట్టుకుంటే చాలు.

అలాంటి కన్ను లేదు. హోం వ్యవహారాల స్థాయీ సంఘం ఉన్న మాట నిజమే, 31 మంది సభ్యులు. హోం శాఖ పద్దులు, బిల్లులు చూస్తారు. రోజువారీ పాలన జోలికి వెళ్ళకూడదని సభ నిబంధనలే చెబుతాయి. దేశ భద్రతకి భంగం అంటే ప్రభుత్వం ఏ కాగితమైనా ఇవ్వకుండా ఉండొచ్చు. విదేశీ గూఢచర్యం చూసే 'రా' సంగతి సరేసరి, అది హోం శాఖ కింద కాదు, కేబినెట్ సెక్రటేరియట్ కింద ఉంటుంది. 1887లో మొదలైన ఐబీకి గానీ, 1968లో పుట్టిన 'రా'కి గానీ నేటికీ సొంత చట్టం లేదు. నీ అధికారాలు ఇవి, హద్దు దాటావు అని అడగడానికి హద్దంటూ రాసి ఉండాలి కదా.

ఈ అపోహ వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. ట్యాపింగ్ ఆదేశాల రికార్డుల్ని, ఆఫీసు పనికి అవసరమైతేనో కోర్టు వద్దంటేనో తప్ప, ఆరు నెలలకోసారి ధ్వంసం చేయాలని రూల్. టెలికం కంపెనీ అయితే ట్యాపింగ్ ఆగిన రెండు నెలల్లోపే చెరిపేయాలి. ఇది టెలిగ్రాఫ్ రూల్స్‌లోని పాత 419ఏ రూల్‌లో ఉంది, 2024 డిసెంబరులో వచ్చిన కొత్త రూల్స్‌లోనూ ఉంది. మీరు ఢిల్లీ నుంచి జవాబు కోసం ఎదురుచూస్తుంటే, ఇక్కడ మీ సాక్ష్యం చట్టబద్ధంగానే మాయమైపోతుంది. ముందు హైకోర్టుకి రండి. రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్ వేసి, రికార్డులు చెరపొద్దని మధ్యంతర ఉత్తర్వు అడగాలి. ఒట్టి అనుమానంతో పని జరగదు. ఫోన్‌లో తప్ప ఎక్కడా అనని మాట మర్నాడు ఇంకొకరి నోట విన్నారా? తేదీ, టైమూ రాసిపెట్టుకోండి. ఆ పెద్దాయన మిల్లు లెక్కల పుస్తకం వెనక అట్ట మీద అలాంటివి నాలుగు రాసుకున్నారు. ఆ ఫైలంతటిలో నాకు పనికొచ్చింది ఆ అట్టే.

జడ్జి సంతకం లేకుండా ట్యాప్ చేయకూడదన్నది సినిమా మాట. సంతకం హోం సెక్రటరీది. 1996లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో, ఆ ఆదేశాల్ని సరిచూడటానికి రివ్యూ కమిటీ పెట్టమంది సుప్రీంకోర్టు. పెట్టారు, అందులో అందరూ అధికారులే. కేంద్రంలో ఆ కమిటీ రెండు నెలలకోసారి కూర్చుంటుంది, ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఆదేశాలు చూడాల్సి వస్తుందని 2018లో డేటా రక్షణ మీద వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ రాసింది. రోజంతా కూర్చున్నా ఒక్కోదానికి రెండు మూడు సెకన్లు. నేను కరెంటు బిల్లు కూడా అంతకంటే ఎక్కువసేపే చూస్తాను.

ఎంపీలకి చూపిస్తే రహస్యాలు బయటికి పోతాయనేవాళ్ళూ ఉన్నారు. బ్రిటన్‌లో 1994 నుంచి పార్లమెంటు సభ్యుల కమిటీ ఉంది, 2013లో దాని అధికారాలు పెంచారు కూడా. అమెరికా సెనేట్‌లో 1976 నుంచే ఉంది. అక్కడ గూఢచర్యం ఏమీ ఆగలేదు. మన దగ్గర 2010లో ఉపరాష్ట్రపతి హోదాలో హమీద్ అన్సారీ కూడా నిఘా సంస్థలు పార్లమెంటుకి జవాబు చెప్పాలనే అన్నారు. 2011లో కాంగ్రెస్ ఎంపీ మనీశ్ తివారీ ఇందుకోసం ప్రైవేటు మెంబర్ బిల్లు తెచ్చారు, అది చట్టం కాలేదు. ఇదే కోరుతూ వేసిన పిటిషన్‌ని 2016లో సుప్రీంకోర్టు కూడా కొట్టేసింది. చట్టం చేయాల్సింది పార్లమెంటే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఆర్టీఐ ఐబీకి అసలు వర్తించదనడం తప్పు, సెక్షన్ 24 ప్రకారం అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకి మినహాయింపు ఉంది. స్టార్ హ్యాష్ 21 హ్యాష్ కొడితే తెలిసేది కాల్ ఫార్వర్డింగ్ సంగతి, ట్యాపింగ్ కాదు. ఫోన్ వేడెక్కితే బ్యాటరీ చూపించుకోండి, టెన్షన్ పడకండి.

లేవబోతూ పెద్దాయన అడిగారు: "అయితే ఎంపీ గారికి రాయడం దండగేనంటారా?"

కాదన్నాను. మీ నంబరు సంగతి కాకుండా, ఐబీకి ఒక చట్టం, దాన్ని అడిగే ఒక కమిటీ కావాలని రాయమన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, నా టేబుల్ మీది తెల్లకాగితం ఒకటి లాక్కున్నారు.