‘ఐతే ఓకే’ తాత

విశాఖపట్నం

పిల్లలూ,

టీవీలో “నేనొప్పుకోను... ఐతే ఓకే!” అనే తాత ఎవరని అడిగారు కదా. ఆయన పేరు కొండవలస లక్ష్మణరావు. పుట్టింది శ్రీకాకుళం జిల్లాలో, ఉద్యోగం చేసింది మన విశాఖ పోర్టులో. ఆయన మాట మీకు నోటికొచ్చింది గానీ మనిషి తెలియలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆ డైలాగ్ 2002లో వంశీ తీసిన ‘అవును వాళ్ళిద్దరూ ఇష్టపడ్డారు’లోది. అప్పటికే ఆయనకు యాభై దాటాయి. ఆ తర్వాత ‘కబడ్డీ కబడ్డీ’, ‘ఎవడి గోల వాడిది’, ఇంకా ఎన్నో. మేం థియేటర్లో చూసిన ఆ సీన్లనే టీవీ వాళ్లు కామెడీ ప్రోగ్రాముల్లో వేసీ వేసీ ఆయన్ని ప్రతి ఇంటికీ చుట్టాన్ని చేసేశారు.

రాత్రికి రాత్రే పేరొచ్చింది అంటారు చాలామంది. అది చాలా అన్యాయమైన మాట. ఆయన వెనక ఏళ్ల తరబడి నాటకం ఉంది. పరిషత్తు పోటీలంటే, అదే, ఊరూరా నాటక సంస్థలు పెట్టే నాటికల పోటీలంటే మీకు తెలీదు. పగలంతా ఆఫీసు, సాయంత్రం రిహార్సల్, పోటీ ఉందంటే సామాన్లు సర్దుకుని బస్సో రైలో ఎక్కి ఇంకో ఊరు. గంట నాటిక. తప్పుపోతే మళ్లీ తీయడానికి అక్కడ రెండో టేక్ ఉండదు. వేదిక మీద వేలాడే మైకులను నమ్ముకోకుండా చివరి వరసకు మాట వినిపించాలి.

ఈసారి ఆ సీన్ వచ్చినప్పుడు ఆయన ముఖం చూడండి. “నేనొప్పుకోను” అన్నప్పుడు గొంతు లేస్తుంది, ఇక ఆ మనిషిని కదపలేం అనిపిస్తుంది. అవతలివాడు ఏదో ఆశ చూపిస్తాడు. ఈ మనిషి ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగడమే అసలు విద్య! తర్వాత “ఐతే ఓకే” ఎంత మెత్తగా జారుతుందో వినండి.

మీరు “ఏటి” అంటే హైదరాబాద్ బళ్లో నవ్వుతున్నారని మీ అమ్మ చెప్పింది. మన ఉత్తరాంధ్ర యాసను సినిమాల్లో చాలామంది ఎక్కిరించడానికే వాడారు, నాకది ఎప్పుడూ నచ్చలేదు. కొండవలస గారి దగ్గర అలా కాదు. ఆయన పాత్రలో మనకు నవ్వొచ్చేది యాసకు కాదు, ఆశకు. యాస ఆయన ఒంటికి పట్టిన చొక్కాలా సహజంగా ఉండేది.

2015 నవంబర్ 2న హైదరాబాద్‌లో పోయారు. ఆ రోజు ఇక్కడ నాటకాల వాళ్లంతా మన ఇంట్లో మనిషి పోయినట్టే బాధపడ్డాం.

వేసవి సెలవులకు వస్తారుగా, ఎక్కడైనా నాటిక పడితే తీసుకెళ్తాను. ముందు కుర్చీలు వద్దు, చివరి వరసలో కూర్చుందాం. మాట అక్కడిదాకా వస్తోందో లేదో మీరే చెప్పాలి.

మీ తాతయ్య