అజేలియాకు బోరు నీళ్ల గండం

హైదరాబాద్ నర్సరీ నుంచి నిండా పూలతో తెచ్చుకున్న అజేలియా, నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కొన్ని నెలలకే పసుపు పడితే అందరూ ఎండనే తిడతారు. ఎండ తక్కువదేం కాదు. కానీ చాలాసార్లు మొక్కను తినేది మనం రోజూ పోసే బోరు నీళ్లే.

కొమ్మ చివరి ఆకు చూడండి. లేతాకు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే మొక్కకు ఇనుము అందడం లేదన్నమాట. ముదురాకులో చేరిన ఇనుము మళ్లీ చిగురుకు పెద్దగా కదలదు, అందుకే లోటు ముందు లేతాకులోనే బయటపడుతుంది. మన ఎర్ర చెలకల ఎరుపంతా ఇనుముదే, మట్టిలో దానికి కరువు లేదు. కరగకపోవడంతోనే చిక్కు.

అజేలియా రోడోడెండ్రాన్ల జాతి. దాని బంధువులు నీలగిరి కొండల మీద వానకు తడిసే పుల్లటి మట్టిలో పెరుగుతాయి. దీనికీ 4.5 నుంచి 6 దాకా పీహెచ్ (పులుపును కొలిచే అంకె; అది తగ్గేకొద్దీ పులుపెక్కువ) కావాలి. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే ఆమ్లత పదో వంతుకు పడిపోతుంది. గ్రానైటు రాళ్ల కింది మన నీళ్లలో చాలాచోట్ల క్షార గుణమిచ్చే బైకార్బొనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ. నల్లగొండలో ఫ్లోరైడ్ అంతగా కరిగి ఉండడానికీ ఆ గుణమే కారణం. ఆ నీళ్లు పోసిన కొద్దీ కుండీ మట్టి క్షారమై ఇనుము బిగుసుకుంటుంది. కాచి చల్లార్చినా, కాల్షియం తక్కువున్న ఈ నీళ్లలోని సోడియం బైకార్బొనేట్ పోదు, పైగా పీహెచ్ ఇంకా పెరుగుతుంది. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లు మరీ చెడ్డవి, ఉప్పులన్నీ అందులోనే చిక్కబడతాయి.

వాన నీళ్లు పట్టి పెట్టుకోవడమే నేను నమ్మే మందు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి వాన నీళ్లు సహజంగానే కాస్త పులుపు. కడిగిన కొబ్బరి పొట్టు, బాగా చివికిన ఆకుల ఎరువు సగం సగం కలిపి కుండీ నింపండి. వేర్లు దారాల్లా సన్నగా పైపైనే ఉంటాయి, ఆరినా చస్తాయి, నీరు నిలిచినా చస్తాయి.

చలికాలంలో ఆరుబయట, పొద్దుటి ఎండ తగిలేచోట పెట్టాలి; మొగ్గ విచ్చడానికి ఆ చల్లదనం అవసరం. మార్చి దాటితే ఇంట్లో, వెలుతురున్న చల్లని మూలకు మార్చండి. కొమ్మలు కత్తిరించేది పూలు రాలిన వెంటనే. ఆలస్యమైతే వచ్చే ఏటి మొగ్గలు పోతాయి.

ఇంట్లో మేకలుంటే కుండీ వాటికి అందనివ్వకండి. ఆకుల్లో, పూలల్లో గ్రేయానోటాక్సిన్ అనే విషం ఉంటుంది.