బాస్ గాలానికి కట్టే స్కర్ట్: అపోహలు – వాస్తవాలు

అమెరికా రిజర్వాయర్లలో లార్జ్‌మౌత్ బాస్ అనే చేపని పట్టేవాళ్లు వాడే ల్యూర్‌ల్లో (కృత్రిమ ఎరల్లో) జిగ్ (బరువైన లోహపు తల ఉన్న గాలం), స్పిన్నర్‌బెయిట్ (తిరిగే లోహపు రేకు ఉన్న గాలం) ముఖ్యం; వీటి తల వెనక జడకుచ్చులా వేలాడే సన్నటి పోగుల కట్టనే స్కర్ట్ అంటారు. డాలస్ చుట్టుపక్కల ఉండి, వారాంతాల్లో లేక్ ఫోర్క్ అనే రిజర్వాయర్‌కి వెళ్లే తెలుగువాళ్లు కూడా మొదట కొనేవి ఇవే. దుకాణంలో అందరం రంగుల దగ్గరే ఆగిపోతాం. పోగులు ఎన్ని, పొడవెంత, కట్టు ఎలా ఉంది అని చూసేవాళ్లు తక్కువ. కానీ నీళ్లలో పనిచేసేవి ముందు ఆ మూడే.

అపోహ: కుచ్చు ఎంత ఒత్తుగా ఉంటే చేప అంత బాగా వస్తుంది.

సిలికాన్ పోగులు ట్యాబ్‌లుగా, అంటే కొసలు అతికి ఉన్న పట్టీలుగా అమ్ముతారు. ఒక్కో ట్యాబ్‌లో సుమారు 20 పోగులుంటాయి. మధ్యలో కడితే ఒక్కో పోగుకి రెండు కొసలు వస్తాయి కాబట్టి రెండు ట్యాబ్‌లకే 80 కొసలు. మామూలు 3/8 లేదా 1/2 ఔన్సు జిగ్‌కి రెండు నుంచి మూడు ట్యాబ్‌లు సరిపోతాయి, చిన్న ఫినెస్ జిగ్‌కి ఒకటి లేదా ఒకటిన్నర.

అంతకు మించితే పోగుల మధ్య నీళ్లు దూరే సందు ఉండదు. ఒక బకెట్ నీళ్లలో జిగ్ వదిలి చూడండి. దిగేటప్పుడు పోగులన్నీ వెనక్కి అణిగి ఉంటాయి. అడుగు తాకి ఆగగానే ఒక్కసారిగా గొడుగులా విచ్చుకుని, కొసలు కాసేపు వణుకుతాయి. బాస్ చాలాసార్లు నోట కరుచుకునేది ఆ క్షణంలోనే. ఒత్తు కుచ్చు విచ్చుకోదు, ముద్దలా ఉండిపోతుంది. ఒత్తు కుచ్చుకి ఒక గుణం మాత్రం ఉంది. అది జిగ్‌ని నెమ్మదిగా దింపుతుంది. బురద నీళ్లలో, లోతు తక్కువ చోట అది కావాల్సిందే.

అపోహ: సరైన రంగు దొరికితే చాలు.

లార్జ్‌మౌత్ కంట్లో రంగు పట్టే కణాలు రెండే రకాలు. ఒకటి ఆకుపచ్చ వైపు, 535 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర. రెండోది ఎరుపు వైపు, 614 దగ్గర. నీలానికి విడిగా కణం లేదు. చేపలకి శిక్షణ ఇచ్చి పరీక్షించినప్పుడు అవి ఎరుపును బాగా గుర్తుపట్టాయి, ఆకుపచ్చను కొంచెం తక్కువగా. మెరిసే నిమ్మపసుపుకీ తెలుపుకీ, నీలానికీ నలుపుకీ మధ్య మాత్రం తికమకపడ్డాయి. కాబట్టి నలుపు-నీలం కలిపిన స్కర్ట్ చేపకి దాదాపుగా ఒక చీకటి ఆకారం. అది పనిచేసేది నీలం వల్ల కాదు, మబ్బు నీళ్లలో అంచు స్పష్టంగా కనబడడం వల్ల.

తేట నీళ్లకి గ్రీన్ పంప్‌కిన్ (గోధుమ ఛాయ ఉన్న ఆకుపచ్చ), బురద నీళ్లకి నలుపు-నీలం, చిన్న షాడ్ చేపలు తిరిగేచోట తెలుపు. ఈ మూడూ పెట్టెలో ఉంటే ఏడాదంతా గడుస్తుంది.

అపోహ: చలికాలంలో సిలికాన్ గట్టిపడుతుంది, అందుకే రబ్బరు వాడాలి.

సలహాలో నిజముంది, కారణంలో లేదు. సిలికాన్ గట్టిపడాలంటే సున్నాకి ఎంతో దిగువకి, సుమారు మైనస్ 50 డిగ్రీల సెల్సియస్ దాకా పోవాలి. 5 డిగ్రీల నీళ్లు దాన్నేమీ చేయవు. తేడా బరువులో ఉంది. సహజ రబ్బరు సాంద్రత నీటికన్నా కాస్త తక్కువ, సిలికాన్‌ది కాస్త ఎక్కువ. జిగ్ కదలకుండా పడి ఉన్నప్పుడు రబ్బరు పోగులు పైకి లేచి విచ్చుకునే ఉంటాయి, సిలికాన్ పోగులు వాలిపోతాయి. చలిలో చేప నెమ్మదిగా వస్తుంది, జిగ్‌ని ఎక్కువసేపు ఆపి ఉంచుతాం కాబట్టి ఆ గుణం అప్పుడే పనికొస్తుంది.

అపోహ: కాలర్ (స్కర్ట్‌ని మెడకి పట్టి ఉంచే రబ్బరు పట్టీ) జారితే ఒక చుక్క సూపర్ గ్లూ వేస్తే సరి.

సూపర్ గ్లూ సిలికాన్‌కి అంటుకోదు. ఎండాక పొరలా ఊడొస్తుంది. స్కర్ట్‌ని నిలిపేది బిగింపే. రబ్బరు కాలర్ ఎండకీ గాలికీ పగులుతుంది, రాగి తీగ పగలదు. ఇంట్లో కట్టుకోవడం ఇలా:

1. హుక్‌ని వైస్‌లో (కదలకుండా పట్టి ఉంచే పరికరంలో) బిగించండి. రెండు ట్యాబ్‌లు తీసుకోండి. కొసల దగ్గర పోగులు అతికి ఉంటాయి, వాటిని ఇప్పుడే కోయకండి. కోస్తే పోగులు చెల్లాచెదురవుతాయి.
2. ఒక ట్యాబ్‌ని తల వెనక మెడ పైన, ఇంకోదాన్ని కింద, నడిమి భాగం సరిగ్గా మెడ మీద ఉండేలా పెట్టండి.
3. 28 గేజ్ రాగి తీగ ఒక జానెడు తీసుకుని మొదటి రెండు చుట్లు వదులుగా వేయండి. వేలితో పోగుల్ని చుట్టూ సమంగా సర్దండి. ఆ తర్వాత మూడు నాలుగు చుట్లు బిగించి లాగండి.
4. రెండు కొసల్నీ ప్లయర్‌తో నాలుగైదుసార్లు మెలిపెట్టి, 3 మిల్లీమీటర్లు వదిలి కోసి, పోగుల్లోకి వంచేయండి. గ్లూ చుక్క వేయాలంటే ఈ మెలి మీద వేయండి, లోహానికి పడుతుంది.
5. ఇప్పుడు అతికిన కొసలు కోసేయండి.

చెడేది ఎక్కువగా మూడో మెట్టు దగ్గరే. పోగులు ఒక పక్కకే పోగుపడితే జిగ్ పక్కకి ఒరిగి దిగుతుంది. తీగ మరీ సన్నమైతే సిలికాన్‌ని కోసేస్తుంది, నాలుగు విసుర్లకే పోగులు రాలతాయి. వదులైతే చేప లాగిన మొదటిసారే స్కర్ట్ మొత్తం హుక్ వంపులోకి జారిపోతుంది.

అపోహ: కొసలన్నీ సమంగా కత్తిరిస్తేనే నీటు.

చూడ్డానికే నీటు. నీళ్లలో అది రంగు బ్రష్‌లా ఒకే ముక్కగా ఊగుతుంది. గుప్పెడు గుప్పెడుగా, ఒక్కో గుప్పెడుని కొంచెం వేరే బిగువుతో లాగి కోస్తే కొసలు ఎగుడుదిగుడుగా వస్తాయి, విడివిడిగా కదులుతాయి. వెనక ట్రైలర్ (హుక్‌కి తగిలించే మెత్తటి ప్లాస్టిక్ ఎర) ఉంటే హుక్ వంపు దాటి అరంగుళం చాలు. ఫినెస్ జిగ్‌కి వంపు దగ్గరికే కోయాలి. మరీ పొడవైతే చేప కొసలు పట్టుకుని వదిలేస్తుంది, హుక్ దాకా రాదు.

అపోహ: ఏ ల్యూర్‌కైనా స్కర్ట్ ఒకేలా తొడగాలి.

స్పిన్నర్‌బెయిట్‌ని ఆపకుండా లాగుతాం కాబట్టి నీటి ఒత్తిడికి పోగులు అణిగిపోతాయి. స్కర్ట్‌ని తిరగేసి, పొడవు కొసలు ముందుకి వచ్చేలా తొడిగితే అవి వెనక్కి మడత పడి ఎత్తుగా నిలబడతాయి. నెమ్మదిగా లాగే రోజుల్లో ఇది బాగా పనికొస్తుంది.

అపోహ: పెట్టెలో ఎలా పడేసినా ఫర్వాలేదు.

పురుగుల్లా చేసిన మెత్తటి ప్లాస్టిక్ ఎరలతో కలిపి ఉంచితే వాటిలోని నూనె లాంటి మెత్తబరిచే పదార్థం రబ్బరుని జిగురు ముద్ద చేస్తుంది, తల మీద పెయింట్‌ని కరిగిస్తుంది, తెల్ల స్కర్ట్‌కి రంగు అంటిస్తుంది. ట్రైలర్ తీసేసి, జిగ్‌ని పూర్తిగా ఆరబెట్టాకే పెట్టెలో పెట్టండి. రబ్బరు స్కర్ట్‌లకి చిటికెడు టాల్కం పౌడర్ చల్లితే ఒకదానికొకటి అంటుకోవు. ఎండలో నిలిపిన కారులో మాత్రం పెట్టెని వదలకండి.